టీచరు గారూ, రూతుది ఏ దేశం?

ప్రశ్న: టీచరు గారికి నమస్కారం. నేను మౌలాలిలో ఉంటాను, మా చర్చిలో సండేస్కూలు పిల్లలకు పాఠాలు చెబుతాను. వేసవి సెలవుల్లో ఆడించడానికి బైబిలు వ్యక్తులతో 60 కార్డుల ఆట ఒకటి తయారుచేశాను. ప్రతి కార్డు మీదా పేరు, బొమ్మ, ఒక వచనం, అడుగున ‘దేశం’ అని ఒక గడి, పక్కన ఆ దేశం జెండా ఉంటాయి. ఒకే దేశం కార్డులు నాలుగు పోగుచేస్తే పది మార్కులు. మొదటి ఆదివారమే గొడవ మొదలైంది. రూతుకు మోయాబు అని రాసి జోర్డాన్ జెండా పెట్టాను. ఒక పాప, ‘రూతు దావీదు తాతను కన్న తల్లి కదా, నేను ఇశ్రాయేలు సెట్టులోనే కలుపుతాను’ అని పట్టుబట్టింది. వెంటనే ఇంకో అబ్బాయి, ‘అయితే మోషే ఐగుప్తులో పుట్టాడు, నా ఐగుప్తు సెట్టులో వేసుకుంటాను’ అన్నాడు. ఇద్దరికీ ఏం చెప్పాలో తోచలేదు. దీనికి ఒక నియమం చెప్పగలరా? కార్డుల ఫోటోలు జతచేశాను.
– ఒక సండేస్కూలు టీచరు, మౌలాలి

జవాబు: ముందు జెండాలు తీసేయమ్మా. మిగతాది తరువాత మాట్లాడుకుందాం.

నీ ఫోటోలు భూతద్దం పెట్టి మరీ చూశాను. బొమ్మలు చక్కగా ఉన్నాయి. హిత్తీయుడైన ఊరియా పక్కన మాత్రం టర్కీ జెండా ఉంది. హిత్తీయుల సామ్రాజ్యం ఇప్పటి టర్కీ గడ్డ మీదే ఉండేది, వాళ్ల రాజధాని హట్టూసా, అంతవరకు నువ్వు చదివింది నిజమే. కానీ ఆ సామ్రాజ్యం క్రీ.పూ. 1200 ప్రాంతంలోనే కూలిపోయింది. ఊరియా దావీదు సైనికుడు, దావీదు కాలం క్రీ.పూ. 1000 ప్రాంతం. మధ్యలో 200 ఏళ్లు. పైగా హిత్తీయులనే పేరు కనాను కొండల్లో ఉన్నవాళ్లకూ ఉంది. అబ్రాహాము శారాను పాతిపెట్టడానికి మక్పేలా గుహను 400 తులాల వెండికి కొన్నది హిత్తీయుడైన ఎఫ్రోను దగ్గరే కదా. కాబట్టి ఊరియా తాతముత్తాతలు యెరూషలేముకు ఒక రోజు నడక దూరంలో పుట్టిన వాళ్లే అయి ఉండవచ్చు. అతని చేతికి నువ్వు నెలవంక జెండా ఇచ్చావు!

ఐతియొపీయుడి కార్డు మీద ఇథియోపియా జెండా కూడా అలాంటిదే. అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయంలో అతను కందాకే రాణి కొలువులో ధనాగారం మీద అధికారి. కందాకే అన్నది పేరు కాదు, బిరుదు. మెరోయె రాణులకు ఆ బిరుదు ఉండేది. మెరోయె ఇప్పటి సూడాన్‌లో, నైలు ఒడ్డున ఉంది. గ్రీకువాళ్లు ఐతియొపీయ అన్నదాన్నే హెబ్రీలో కూషు అంటారు. యిర్మీయాను బురద గోతిలోనుంచి పైకి లాగిన కూషీయుడు ఎబెద్మెలెకు, ఈ అధికారీ ఒకే సీమవాళ్లు. నీ ఆటలో ఒకరు సూడాన్‌లో, ఒకరు ఇథియోపియాలో పడ్డారు. పిల్లలకు పది మార్కులు పోయాయి.

ఇంకో సంగతి. ఈనాటి జెండాలు పెడితే ఈనాటి పేపరు తగాదాలన్నీ ఆట బల్ల మీదికి వస్తాయి. ఎనిమిదేళ్ల పిల్లలకు ఫిలిష్తీయుడైన గొల్యాతును చూపించి ఎవరి జెండా పెడతావు?

సరే, ఇక రూతు దగ్గరికి వస్తాను. ఇది పుస్తకంలో వెతికే ముందు మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. నేను పుట్టింది 1950లో, బాపట్లలో. నాకు మూడేళ్లప్పుడు మా నాన్నగారికి రైల్వేలో ఉద్యోగం వచ్చి లాలాగూడ చేరాము. లాలాగూడ వీధిలో మేము ‘బాపట్ల వాళ్లం’. వేసవిలో బాపట్ల వెళితే మా పిన్నమ్మలందరికీ నేను ‘హైదరాబాదు పిల్ల’ను. బాపట్లలో నన్ను బాపట్ల పిల్ల అని ఎవరూ అనలేదు, ఎందుకంటారు, అక్కడ అందరూ బాపట్ల వాళ్లే. ఊరు పేరు మనకు తగులుకునేది ఆ ఊరు దాటాకే. మన ఇంటిపేర్లు చూడు. నెల్లూరు వారు, గుంటూరు వారు అని ఇంటిపేరున్న వాళ్లు ఎక్కువగా దొరికేది ఆ ఊళ్లకు బయటే.

ఇప్పుడు రూతు గ్రంథం తెరువు. మోయాబు దేశంలో ఉన్నంతకాలం ఆమె రూతు, అంతే. ‘మోయాబీయురాలైన రూతు’ అని పేరుకు తగిలించి చెప్పడం 1:22లో, అంటే బేత్లెహేము చేరిన వచనంలో మొదలవుతుంది. అక్కడినుంచి వదలదు. పొలంలో పనివాళ్ల మీద ఉన్నవాడికి ఆమె పేరు కూడా అక్కరలేదు, అత్త నయోమితో వచ్చిన మోయాబు యువతి అంటాడు. ఊరి గుమ్మం దగ్గర పెద్దల ముందు, ఆమెను పెళ్లాడబోయే బోయజు కూడా ఆ మాటే వాడతాడు, 4:10లో. తరువాత పెళ్లి. 4:13లో ఆమె మళ్లీ వట్టి రూతు. ఆ తరువాత పుస్తకంలో ఆ మాట లేదు. మత్తయి మొదటి అధ్యాయంలో వంశావళిలోనూ ‘రూతు’ అనే ఉంది.

ఇది చదివినప్పుడల్లా నాకు ముల్కీ సర్టిఫికెట్ గుర్తుకొస్తుంది. ఇప్పటి పిల్లలకు తెలియదు కనుక రెండు మాటలు చెబుతాను. నిజాం 1919 ఫర్మానా ప్రకారం హైదరాబాదు సంస్థానంలో కొలువు కావాలంటే ముల్కీ అయి ఉండాలి, అంటే ఈ ముల్కు మనిషి. పుట్టుకతో ముల్కీ కావచ్చు. 15 ఏళ్లు స్థిరంగా ఇక్కడ ఉండి, వెనక్కి వెళ్లే ఉద్దేశం వదులుకున్నానని మేజిస్ట్రేటు సంతకంతో ప్రమాణపత్రం పెట్టి కావచ్చు. ముల్కీ భార్య అయితే ఆమె కూడా ముల్కీయే. సంస్థానం పోయినా ఆ నియమాలు పోలేదు. 1972లో నేను టీచరు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టినప్పుడు ఒక గుమాస్తా నన్ను మూడుసార్లు తిప్పాడు. ‘పుట్టింది బాపట్ల అని రాశారు కదమ్మా’ అనేవాడు. నేనేమో పంతొమ్మిదేళ్ల లాలాగూడ అద్దె రసీదులు చూపించేదాన్ని. అతనికి నా పుట్టుక కావాలి, నాకు నా బతుకు లెక్క కావాలి.

ఆ గుమాస్తా బల్ల ముందు రూతును నిలబెట్టి చూడు. పుట్టుక: మోయాబు. వెనక్కి వెళ్లే ఉద్దేశం వదులుకుందా? అత్తతో ‘నీ జనమే నా జనము, నీ దేవుడే నా దేవుడు’, నువ్వు చనిపోయిన చోటే నేనూ చనిపోతాను, అక్కడే నన్ను పాతిపెట్టనీ అంది. ఇంతకంటే గట్టి ప్రమాణపత్రం నేను చూడలేదు. ఇక భర్త బేత్లెహేము పెద్దమనిషి. కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయి. అయినా ద్వితీయోపదేశకాండము 23వ అధ్యాయం ప్రకారం మోయాబీయులకు యెహోవా సమాజంలో చేరే వీలు లేదు, పదో తరం వరకూ లేదు. ఆ గుమాస్తా అదే పేజీ తీసి చూపించేవాడు.

కాబట్టి నీ పాప చెప్పిందీ నిజమే, నీ కార్డు మీద ఉన్నదీ నిజమే. తప్పు ఆ గడిలో ఉంది. ‘దేశం’ అని రాస్తే జవాబు ఒక్కటే ఉండాలని అర్థం. బైబిల్లో కనిపించేది దేశం కాదు, ఎవరో ఎక్కడో నిలబడి పిలిచిన పిలుపు. ఆ గడికి ‘ఏమని పిలిచారు?’ అని పేరు పెట్టు.

మోషే సంగతి చూడు. ఐగుప్తులో ఫరో కుమార్తె బుట్ట తెరవగానే, ఇతను హెబ్రీయుల పిల్లవాడు అంది. అదే మోషే పెద్దవాడై మిద్యానుకు పారిపోయి, బావి దగ్గర ఆడపిల్లలకు సాయం చేస్తే, వాళ్లు ఇంటికెళ్లి తండ్రితో ఏమన్నారు? ‘ఐగుప్తీయుడొకడు’ మమ్మల్ని కాపాడాడన్నారు (నిర్గమ 2:19). బట్ట, భాష, క్షవరం చూసి అనుకుని ఉంటారు. ఐగుప్తులో హెబ్రీయుడు, మిద్యానులో ఐగుప్తీయుడు. నీ అబ్బాయికి మోషేను ఐగుప్తు సెట్టులో వేసుకోవడానికి వచనం ఉంది. అతను చెప్పిన కారణం మాత్రం తప్పు.

అందరికంటే నాకు ఇష్టమైన కార్డు పౌలుది. అపొస్తలుల కార్యములు 21, 22 అధ్యాయాలు ఒక్క బిగిన చదివించు. దేవాలయం దగ్గర అల్లరి జరుగుతుంది, సైనికులు పౌలును మోసుకుపోతుంటారు. మెట్ల మీద పౌలు గ్రీకులో మాట్లాడేసరికి పైయధికారి ఆశ్చర్యపోయి, నువ్వు ఆ మధ్య తిరుగుబాటు లేపిన ఐగుప్తీయుడివి కావా అంటాడు. కాదు, నేను యూదుణ్ని, కిలికియలోని తార్సువాణ్ని అంటాడు పౌలు. గుంపు వైపు తిరిగి హెబ్రీ భాషలో, తార్సులో పుట్టినా ఈ పట్టణంలోనే పెరిగాను, గమలీయేలు పాదాల దగ్గర చదివాను అంటాడు. కాసేపటికి కొరడాలతో కొట్టడానికి కట్టేస్తుంటే, రోమీయుణ్ని విచారణ లేకుండా కొట్టవచ్చా అని అడుగుతాడు. పైయధికారి, నేను చాలా డబ్బు పోసి కొనుక్కున్నాను ఈ పౌరత్వం అంటే, ‘నేనైతే పుట్టుకతోనే రోమీయుడను’ అంటాడు. ఇంత అల్లరిలో ఆయన ఒక్క అబద్ధమూ ఆడలేదు. ఎవరి ముందు ఏది చెప్పాలో తెలిసినవాడు. పాస్‌పోర్టు లాంటిది ఉన్న మనిషి అంటే నీ 60 కార్డుల్లో బహుశా ఈయనే.

తూరు, సీదోను ప్రాంతాల్లో కూతురి కోసం యేసును బతిమాలిన తల్లి ఉంది కదా. మత్తయి ఆమెను ‘కనాను స్త్రీ’ అన్నాడు. మార్కు ‘సురోఫెనికయ వంశమందు పుట్టిన గ్రీసు దేశస్థురాలు’ అన్నాడు. ఒకే తల్లి, ఒకే కూతురు, బల్ల కింద కుక్కపిల్లల మాట కూడా ఒకటే. యేసు కాలానికి కనాను అనే రాజ్యం లేదు. మత్తయి పాత నిబంధన ఎరిగిన చెవులకు వినిపించేలా పాత పేరు తీశాడు. మార్కు మాటలో ‘గ్రీసు దేశస్థురాలు’ అన్నది మన తెలుగు అనువాదం చేసిన సాయం. మూలంలో ‘దేశం’ లేదు, గ్రీకు మనిషి అని మాత్రమే ఉంది. ఆమె ఏథెన్సు మొహం ఎన్నడూ చూసి ఉండదు. నీ ‘దేశం’ గడికి సగం కారణం ఈ ‘దేశస్థుడు’ అనే మాటేనని నా అనుమానం.

అబ్రాహాము కార్డు మీద ఇశ్రాయేలు అని రాసి, ఇరాక్ జెండా వేశావు. రెండూ కొట్టేయి. ఇశ్రాయేలు అన్న పేరు ఆయన మనవడు యాకోబుకు వచ్చింది. యూదుడు అన్నది ఇంకా తరువాతి మాట. అబ్రాహాముకు వచనం ఇచ్చిన పేరు ‘హెబ్రీయుడైన అబ్రాము’ (ఆది 14:13). ఇక ఆయన బయలుదేరి వచ్చిన కల్దీయుల ఊరు. ప్రతి ఏడూ ఒక పిల్లవాడైనా, ‘ఊరు సరే టీచర్, ఊరి పేరేమిటి?’ అని అడిగేవాడు. ఊరు పేరే ఊరు అని నమ్మించడానికి నాకు పది నిమిషాలు పట్టేది. నీకూ పడుతుంది.

ఆట నియమం ఇలా పెట్టుకో. కార్డు అంచున రంగు పట్టీ వెయ్యి. వచనం ఒకే పేరిస్తే ఒక రంగు, రెండు పేర్లిస్తే రెండు రంగులు. రెండు రంగుల కార్డును ఏ సెట్టులోనైనా కలుపుకోవచ్చు, కానీ కలిపేవాళ్లు ఆ పేరు పెట్టి పిలిచింది ఎవరో, ఎక్కడో చెప్పాలి. రూతును ఇశ్రాయేలులో కలపాలంటే 1:16 అప్పజెప్పాలి. కాలేబును సంఖ్యాకాండములో యూదా గోత్రం తరఫున వేగుకు పంపారు, యెహోషువలో అతని తండ్రి కెనెజీయుడు. రెండు రంగులు. తిమోతికి తల్లి యూదురాలు, తండ్రి గ్రీకువాడు. అతనికీ రెండు.

ఊరియాకు మాత్రం ఒక్క రంగే. రాజనగరు పక్కన ఇల్లు, దావీదు సైన్యంలో కొలువు, యెహోవా పేరు కలిసిన తన పేరు, మందసము గుడారంలో ఉండగా నేను ఇంటికెలా వెళతానన్న మనిషి. చనిపోయాక కూడా ‘హిత్తీయుడైన ఊరియా’యే. 2 సమూయేలు 23వ అధ్యాయంలో దావీదు పరాక్రమశాలుల జాబితాలో చిట్టచివరి పేరు అదే. అతనికి రెండో రంగు వెయ్యాలని నాకూ ఉంటుంది, కానీ వచనం ఇవ్వనిది మనం ఇవ్వకూడదు. పిల్లలెవరైనా ఇది అన్యాయం అంటే ఆట ఆపి అయిదు నిమిషాలు మాట్లాడనీ.

చివరగా, నీ 60 కార్డుల్లో 37 ఇశ్రాయేలువే. ఆ సెట్టు కళ్లు మూసుకున్నా పడుతుంది. దాన్ని గోత్రాలుగా విడదియ్యి: సౌలు బెన్యామీను, సమ్సోను దాను, గిద్యోను మనష్షే, లూకాలో కనిపించే ముసలి ప్రవక్త్రి అన్న ఆషేరు. ఏలీయా గోత్రం మాత్రం ఎక్కడా చెప్పలేదు. ‘తిష్బీయుడు’ అని రాసి ఊరుకో. గోత్రం అంటే పక్కింటి పిల్లలు భారద్వాజ, కాశ్యప అంటారు. మన బైబిల్లో ఆ మాటకు పన్నెండుమంది అన్నదమ్ముల సంతతి అని అర్థం. ఇది ఆటకు ముందే చెప్పు, లేకపోతే మధ్యలో అడుగుతారు.

అన్నట్టు, దావీదు మేనల్లుడు అమాశా తండ్రికి కార్డు వెయ్యకు. 2 సమూయేలు 17:25లో అతను ఇశ్రాయేలీయుడు, 1 దినవృత్తాంతములు 2:17లో ఇష్మాయేలీయుడు. పెద్ద పండితులే దాని దగ్గర తల గోక్కుంటారు, మౌలాలి పిల్లలను వదిలెయ్యి.

ప్రశ్న: బైబిల్లో మన దేశంవాళ్లు ఎవరైనా ఉన్నారా టీచర్?
– ఏడో తరగతి విద్యార్థి, ఉప్పల్

జవాబు: దేశం పేరుంది బాబూ, మనిషి లేడు. ఎస్తేరు గ్రంథం మొదటి వచనంలోనే అహష్వేరోషు రాజు ‘హిందూదేశము మొదలుకొని కూషు దేశమువరకు’ 127 సంస్థానాలు ఏలాడని ఉంది. మళ్లీ 8:9లో ఒకసారి వస్తుంది. హెబ్రీలో ఆ మాట ‘హోద్దు’. సింధు నది పేరును పారసీకులు ‘హిందు’ అని పలికితే దానినుంచి వచ్చింది. అక్కడ దాని అర్థం సింధు నది పరిసరాలు. అప్పటి పారసీక రాజ్యం తూర్పు కొస అంతవరకే. మన మూసీ దాకా రాలేదు. సంస్థానం అంటే నీకు ఏం స్ఫురిస్తుందో తెలియదు కానీ, నాకు గద్వాల, వనపర్తి గుర్తుకొస్తాయి. ఆ తెలుగు మాట ఎంచుకున్న అనువాదకులకు కూడా అలాంటివే కళ్ల ముందు ఉండి ఉంటాయి.

ప్రశ్న: యోబు ఇశ్రాయేలీయుడేనా? మా ఇంట్లో వాదన.
– ఒక గృహిణి, అల్వాల్

జవాబు: ఊజు దేశస్థుడు, ‘తూర్పు దిక్కు’ జనుల్లో గొప్పవాడు. 42 అధ్యాయాల్లో ఇశ్రాయేలు అన్న మాట ఒక్కసారి కూడా లేదు. ఎవరు ఓడిపోయారో నాకు చెప్పకండి.

ప్రశ్న: సండేస్కూలు పిల్లల చేతికి పేకముక్కలు ఇస్తున్నారని విన్నాను. మీరు దీన్ని సమర్థిస్తారా?
– ఒక సంఘ పెద్ద, బోవెన్‌పల్లి

జవాబు: అయ్యా, మా నాన్నగారు ఆదివారం సాయంత్రాలు రమ్మీ ఆడి ఇంటికి వచ్చేటప్పుడు మా అమ్మ మొహం ఎలా ఉండేదో నేను చూశాను, కాబట్టి మీ భయం నాకు పరాయిది కాదు. ఆ ఇంట్లో గొడవ జీతం డబ్బుల గురించి, అట్ట ముక్కల గురించి కాదు. పందెం లేనప్పుడు అవి అట్ట ముక్కలే. ఆ కార్డుల్లోనూ రాజు, రాణి ఉన్నారు. రాజు అహష్వేరోషు, రాణి షేబ నుంచి వచ్చింది. జోకరు లేడు. వెనక వైపు వేసిన నీలం గళ్లు మాత్రం అచ్చం పేక కట్టలాగే ఉన్నాయి. వాటిని మార్చమని ఆ అమ్మాయికి ఈ రోజే ఉత్తరం రాస్తున్నాను.